తాళానికి పూసిన పసుపు

ప్రతి దసరాకూ మా అంగట్లో ఆయుధపూజ చేస్తాం. కత్తెరలు, టేపు, బాబిన్లు, గుడ్డ బిగించే ఫ్రేములు, కుట్టు మిషన్, ఎంబ్రాయిడరీ మిషన్, కంప్యూటరు, దాని మౌసు, ఒక్కటి వదలకుండా పసుపు రాసి కుంకుమ పెడతాం. వీటన్నిటిలోకీ నా చేతి పసుపు ఎక్కువ తిన్నది ఒక చిన్న తాళం. చిటికెన వేలంత కూడా ఉండదు. దాన్ని కంప్యూటరు వెనకాల గుచ్చితేనే డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. గుచ్చగానే అందులో ఆవగింజంత పచ్చ దీపం వెలుగుతుంది. డాంగిల్ అనాలట. మాకు తాళమే.

ఆ తాళం కొన్న ఏడే మా ఆయన పోయాడు. ఆ దసరాకు నేను అంగట్లో ఒక మూల నిలబడ్డాను. మొగుడు పోయినదాన్ని, పసుపు కుంకుమల దగ్గరికి ఎందుకులే అనుకున్నాను. మా తోడికోడలు పసుపు గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టక్కా. ఈ అంగట్లో నువ్వు పెట్టకుంటే ఇంగెవరు పెడ్తారు?" అంది. ఆ మాటకు నాకు పొంగుకొచ్చింది. అన్నిటికీ చుక్కలు పెట్టి, ఆ తాళానికి మాత్రం పసుపు నీళ్లలో కలిపి చిక్కగా పట్టించాను. అప్పటినుంచి అదే అలవాటు. ఆ అలవాటు చేసిన నిర్వాకం చెప్పాలనే ఇదంతా. నేను చెబుతున్నాను, మా తోడికోడలు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వచ్చు, అంతే.

మా ఆయన ఆళ్లగడ్డలో రాతి బొమ్మలు చెక్కేవాడు. గుళ్ల స్తంభాల మీద లతలు, హంసల వరసలు, ఏనుగులు, చిలకలు. చెక్కే ముందు కాగితం మీద గీసుకునేవాడు. ఒక పాత నోటు పుస్తకం నిండా ఆ గీతలే. ఆయన పోయాక నేను ఆ పుస్తకం, నాలుగు చీరలు పట్టుకుని నంద్యాలకు, మా మరిది ఇంటికి వచ్చేశాను. తోడికోడలు అప్పటికే జాకెట్ల అంగడి పెట్టి ఉంది. ఇంటర్ దాకా చదివింది, కంప్యూటరు నేర్చుకుంది. నాకు దారాల రంగులు తెలుసు, కుట్టు ఎక్కడ ఒత్తుగా పడాలో ఎక్కడ పలచగా పడాలో తెలుసు. ఇద్దరినీ కలిపితే ఒక మనిషి అవుతారని మా మరిది ఎగతాళి చేస్తాడు.

ఒకరోజు ఆమె ఆ పుస్తకం తిరగేస్తూ, "అక్కా, బావ గీసిన ఈ హంసల్ను జాకెట్టు ఈపు మీద పెడితే ఎట్లుంటాదంటావ్?" అంది.

"రాతి స్తంభమూ ఆడదాని ఈపూ ఒకటేనామ్మే?"

"కొందరికి ఒకటేలే అక్కా" అంది, అప్పుడే కొలతలిచ్చి మెట్లు దిగుతున్న మనిషి వైపు చూస్తూ.

అట్లా మొదలైంది. ఫోనుతో ఫొటో తీసి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, గీత వెంబడి గీత ఆమె మౌసుతో గీసేది. నేను పక్కన కూర్చుని, "ఆడ రవ్వంత వంచు, ఆయన మెడ అంత నిటారుగా గీయడు" అని చెప్పేదాన్ని. మొత్తం ముప్పై ఒక్క డిజైన్లు. ఏడాది పట్టింది. పెండ్లికూతుళ్లు వచ్చి "ఆళ్లగడ్డ హంస" కావాలని పేరు పెట్టి అడగడం మొదలైంది. ఒక్కో పని అయిపోగానే మిషన్‌లో ఎక్కించిన కుట్టు తుడిచేస్తాం, మిషన్ కడుపు చిన్నది. అసలు డిజైను కంప్యూటరులో భద్రంగా ఉంటుంది కదా.

ఆ భద్రం చూసుకునే నేను పుస్తకాన్ని అటక మీద పడేశాను. ఎప్పుడో దించి చూస్తే అట్ట మాత్రం ఉంది, లోపలంతా చెదల మట్టి. కంప్యూటరులో ఉన్నాయిలే అని ఆ మట్టిని ఊడ్చి పారబోశాను. రాళ్ల మీద చెక్కినవి ఏ ఊరి గుళ్లకు పోయాయో నాకు తెలియదు. ఫొటోలు తీసిన ఫోను ఎప్పుడో పాడైపోయింది. నా మొగుడి చేతి గీత అని నా దగ్గర మిగిలింది ఆ ముప్పై ఒకటే. వాటి తలుపు ఆ తాళం.

ఈమధ్య ఒక ఆషాఢంలో, మాకు పని ఉండని నెల చూసి, సాఫ్ట్‌వేర్ అమ్మిన డీలరు నంద్యాల బస్టాండు దగ్గర హోటలు మేడ మీద మీటింగు పెట్టాడు. మీ తాళం కూడా తెచ్చుకోండి, పరీక్షించి పెడతాం అని మెసేజీ. చుట్టుపక్కల ఎంబ్రాయిడరీ మిషన్లున్న వాళ్లంతా వచ్చారు. ఆళ్లగడ్డ నుంచి, గోస్పాడు నుంచి, అవుకు నుంచి కూడా. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టారు. బజ్జీ పెట్టి పిలిచారంటే ఏదో ఉంటుందని నేను ముందే అనుకున్నాను.

డీలరు హైదరాబాదు మనిషి. బట్టతల, ఇస్త్రీ చొక్కా, మాట మెత్తన. "ఇకనుంచి మా సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడం అనేది ఉండదండీ. నెలనెలా సబ్‌స్క్రిప్షన్ మాత్రమే. తాళాలతో పనిలేదు. ఎప్పటికప్పుడు కొత్తది అదే వస్తుంది" అన్నాడు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. నాలుగు పెద్ద మిషన్లున్న ఆళ్లగడ్డ ఆసామి ఒకాయన బజ్జీ పక్కన పెట్టి లేచాడు. "ఏందప్పా, దాన్ని మేము కొన్యాము గదా? కొన్న బర్రెకు నెలనెలా బాడిగ కట్టేది యాడన్నా ఉండాదా?"

"బర్రెకు మేత వేస్తారు కదండీ" అన్నాడు డీలరు నవ్వుతూ.

"మేత ఏస్తే పాలిస్తాది. నీ బర్రె మేత ఏయకుంటే, నేను నిన్న పిండుకున్న పాలకు గూడా తాళమేస్తానంటాండాది గదా!"

హాలంతా ఘొల్లుమంది. గోస్పాడు నుంచి వచ్చిన ఒకామె కూర్చునే అడిగింది. "సారూ, ఆషాఢంలో గూడా కట్టాల్నా?"

"ఆషాఢమైతే ఏమండీ?" అన్నాడాయన.

"ఆషాఢంలో పెండ్లిండ్లు ల్యావు, పుష్యంలో ల్యావు, మూఢమొస్తే అసలే ల్యావు. జాకెట్టు కుట్టిచ్చుకునేటోళ్లే లేనప్పుడు నీకెందుకు కట్టేది?"

"కంపెనీకి మూఢం గురించి తెలీదండీ."

"తెలీకుంటే ఒక పంచాంగం కొనిచ్చి కూసోబెట్టి చెప్పు!"

నవ్వి నవ్వి నాకు మిరపకాయ గొంతుకు అడ్డం పడింది. దగ్గి, నీళ్లు తాగి, నేనూ లేచాను. నా గొంతు మొదటినుంచీ బొంగురు. మెల్లగా అడిగినా తగాదాకు వచ్చినట్టే ఉంటుంది. అందరూ తిరిగి చూశారు.

"సారూ, కట్టకుంటే మేము గీసుకున్న డిజైన్లు ఏమైతాయి?"

"ఏమీ కావమ్మా. పాత తాళం పనిచేసినంత కాలం పాత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటాయి. తాళం చెడిపోతే మాత్రం ఇదివరకులా మార్చి ఇవ్వం. కొత్తదాంట్లోకి మార్చుకోవచ్చు. దానికీ పాత తాళం పెట్టి ఒక్కొక్కటి తెరవాల్సిందే."

"కొత్తదాంట్లోకి మార్చినాక, ఒక నెల కట్టలేదనుకో?"

"కట్టేదాకా తెరుచుకోవమ్మా."

ఆ మాట నాకు నచ్చలేదు. అయినా మా తాళం మా దగ్గర ఉంది, భయమేముందిలే అని కొంగు ముడి విప్పి దాన్ని ఇచ్చాను. ఆయన చేతిలో అటూ ఇటూ తిప్పి, "తాళం అడిగితే పసుపుకొమ్ము ఇచ్చారేంటమ్మా?" అన్నాడు. తన కంప్యూటరులో గుచ్చాడు. పచ్చ దీపం వెలిగింది, ఆరింది, కదిలిస్తే మళ్లీ వెలిగింది.

"లోపల కూడా గడ్డకట్టింది. ఎన్నాళ్లుగా పూస్తున్నారు?"

"తొమ్మిది దసరాలు" అన్నాను.

"తొమ్మిదా! ఇంకో పదిహేను రోజులు పనిచేస్తే గొప్ప."

హాలు మళ్లీ ఘొల్లుమంది. ఈసారి నేను నవ్వలేదు. కానీ కాసేపటికి చూద్దును కదా, నవ్విన వాళ్లలో సగం మంది మెల్లగా తమ తాళాలు తీసి, చీర కొంగుతోనో చొక్కా అంచుతోనో తుడుచుకుంటున్నారు. బర్రె గురించి అడిగిన ఆసామి తాళానికైతే ఎండిన చేమంతి రెక్క కూడా అంటుకుని ఉంది.

ఆటోలో తోడికోడలు తల పట్టుకుంది. "నీ భక్తి పాడుగాను అక్కా! నేను రవ్వంత పూయమంటే నువ్వు గోడకు సున్నం కొట్టినట్ల కొట్టినావే!"

"గిన్నె ఇచ్చిందెవరు?"

"బేగా కొత్తదాంట్లోకి మారుద్దాం. నెలనెలా కడదాం, ఇంగేం చేసేది."

"మీ బావ గీసిన గీతకు నేను నెలనెలా బాడిగ కట్టాల్నా? ఒక నెల కట్టకపోతే ఆయన హంసకు ఎవరో తాళమేసేదా? నేను కట్టను."

"అయితే పదిహేను దినాలు కూసోని సూద్దాం ఆ దీపాన్ని" అంది కోపంగా.

మరుసటి రోజు ఆళ్లగడ్డ బస్సెక్కాను. మా ఆయనతో కలిసి పనిచేసిన పెద్దాయన ఒకడు ఇంకా ఉలి పట్టుకునే ఉన్నాడు. అన్నా అని పిలుస్తాను. ఆయన దగ్గర ఏవైనా పాత కాగితాలు మిగిలి ఉంటాయేమోనని ఆశ. రాతి దుమ్ములో నిలబడి సంగతంతా చెప్పాను.

"నీ మొగుడు కాగితాలు దాచే మనిషామ్మా? గీసింది రాయిలోకి పోవాల, కాగితం పొయ్యిలోకి పోవాల. ఆ పుస్తకం మిగిలిందే గొప్ప" అన్నాడు. "మాకూ అదే కతలే. రాయి కోసే మిషన్‌కు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు గూడా నెలవారీ చేసినారంట. మావోళ్లు మూడు దినాల నుంచి ఫోన్లో తిడతాండారు. నా ఉలికి ఎవడూ నెల అడగడం ల్యా."

మాట్లాడుతూనే తన పని తాను చేసుకుంటున్నాడు. నల్లరాయి మీద ఒక కాగితం పరిచాడు. దాని మీద గీతకు బదులు గీత పొడుగునా సన్నటి బొక్కలు. ఎర్రమట్టి పొడి మూటగట్టిన గుడ్డతో పైన తట్టాడు. కాగితం ఎత్తితే రాయి మీద చుక్కలు చుక్కలుగా ఏనుగు నిలబడి ఉంది. కాపురం చేసినన్నాళ్లూ మా ఆయన ఈ పని చేస్తుంటే చూశాను. అన్నం మూట ఇచ్చి, ఒకసారి చూసి వెళ్లిపోయేదాన్ని. ఆ రోజే నిజంగా చూసినట్టుంది.

"అన్నా, ఈ బొక్కలు దేంతో పొడుస్తావు?"

"సూదితో. ఇంగ దేంతో పొడుస్తారు?"

"నా దగ్గర నిమిషానికి ఎనిమిది నూర్ల సార్లు పొడిచే సూది ఉండాదన్నా!"

ఆయన ఉలి కింద పెట్టి నా మొహం చూశాడు. అప్పుడు పెద్దగా నవ్వాడు. "పో, బేగా పో, బస్సు దొరుకుతాదో లేదో" అని తోలాడు.

అంగట్లోకి వచ్చీ రాగానే చెప్పాను. దారం ఎక్కించకుండా, గుడ్డకు బదులు కాగితం బిగించి, మిషన్ ఆడిద్దామని. అట్లా పొడిచిన కాగితం ఉంటే తాళం పోయినా ఆయన గీత అసలు కొలతలోనే మన దగ్గర ఉంటుందని. తోడికోడలు విని, "నీకేమన్నా తిక్క పట్టిందా అక్కా? కాగితాలు కుట్టనీకనా మనం మిషన్ తెచ్చింది?" అంటూనే ఫ్రేముకు కాగితం బిగించింది.

మొదటి హంసను తినేసింది మిషన్. హంస ఒళ్లంతా ఒత్తు కుట్టు కదా, సూది పొడిచిందే పొడిచి, కాగితంలో హంస ఆకారాన ముక్క ఊడి కింద పడింది. మిగిలింది హంస కిటికీ. అప్పుడు అర్థమైంది. ఒక్కో డిజైనూ తెరిచి, లోపలి నింపుడు తీసేసి, అంచు గీత మాత్రం ఉంచాలి. ఆ పని సాఫ్ట్‌వేర్‌లోనే చేయాలి. అంటే ఆ దీపం వెలుగుతుండగా చేయాలి.

ఆమె అట్లా చేసి మళ్లీ ఎక్కించింది. నాలుగు పోట్లు పొడిచి మిషన్ ఆగిపోయి కూత పెట్టింది. దారం తెగిందట. ఎక్కించు అట. "లేని దారం ఎట్ల తెగుతాదే నీకు?" అని నేను మిషన్‌ను తిడుతున్నాను. మళ్లీ నొక్కితే మళ్లీ నాలుగు పోట్లు, మళ్లీ కూత. తోడికోడలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ డబ్బాలో మీటలన్నీ వెతికి, దారం చూసే కాపలా ఎక్కడుందో పట్టుకుని ఆపేసింది. దారం లేని సూది టకటకమని కాగితం మీద పరిగెత్తడం మొదలుపెట్టింది. రాతి మీద చిన్న ఉలి ఆడినట్టే వినిపించింది నాకు.

మొదటి కాగితం తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. ఎదురుగోడ మీద వెలుగు చుక్కలతో హంస. మెడ వంపు ఆయనదే. "ఏమంటావక్కా, బాగుందా లేదా?" అంది ఆమె. బాగుందని తల ఊపాను.

ఆ తరువాత దినాలు తాళానికి సేవ చేస్తూ గడిచాయి. గుచ్చిన చోట నుంచి అర అంగుళం కదిలితే దీపం ఆరిపోతుంది. దాని కింద గుడ్డపీలిక మడిచి ఆనించాం. పక్కన ఫ్యాను తిప్పనిచ్చేదాన్ని కాదు. మా మరిది అటుగా గట్టిగా నడిస్తే అరిచేదాన్ని. "ఇంట్లో బాలింత ఉండాదా ఏంది, ఈ నియమాలు?" అని ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని పోయేవాడు. రోజుకు మూడు, ఒక్కోరోజు నాలుగు. ఏ డిజైను ఎక్కడుందో నాకు పేర్లు చదవడం రాదు గానీ, రెండో వరసలో మూడోది, కింది నుంచి ఐదోది అని వేలు పెట్టి చూపించేదాన్ని. లతలు అయ్యాయి, ఏనుగులు అయ్యాయి. ముప్పై అయ్యాయి.

చివరిది చిలకల జంట. బాగా ఇష్టమైనది కదా అని చివరికి ఉంచాను. ముందు తీయమని ఆమె చెప్పింది, నేనే వినలేదు. ఆమె దాన్ని తెరిచింది. రెండు చిలకలూ తెర మీద ఇట్లా కనిపించాయో లేదో, దీపం ఒకసారి రెప్ప కొట్టి ఆరిపోయింది. ఊదాం. స్పిరిట్‌తో తుడిచాం. రబ్బరుతో రుద్దాం. ఎండలో పెట్టి తెచ్చాం. లేదు. రాలేదు.

నేను స్టూలు మీద కూలబడ్డాను. తోడికోడలు మౌసు వదిలేసింది. లేచి ఇంట్లోకి పోయింది. ట్రంకు పెట్టె మూత చప్పుడైంది. ఒక పాత జాకెట్టు తెచ్చి నా ఒళ్లో పడేసింది. ఆకుపచ్చ పట్టు. వీపున చిలకల జంట. మిషన్ కొత్తలో, చెయ్యి కుదురుతుందో లేదో చూద్దామని మొట్టమొదట కుట్టింది. తన తమ్ముడి పెండ్లికి ఒక్కసారి వేసుకుంది.

నేను దాన్ని రెండు చేతులా ఎత్తి చూశాను. "ఏమ్మే, ఇది నీదేనా? ఇప్పుడు నీ చెయ్యి గూడా దూరదే దీంట్లో!"

"గమ్మునుండక్కా. ముగ్గురు పిల్లల్ని ఎత్తుకు తిరిగిన చెయ్యి అది" అంది. ఇద్దరికీ నవ్వొచ్చేసింది.

వీధి చివర ఇస్త్రీ బండి ఆయన దగ్గర ఒక చల్లారిన బొగ్గు అడిగి తెచ్చాను. జాకెట్టును బల్ల మీద సాపుగా పరిచి, పైన పలచటి కాగితం వేసి, బొగ్గుతో మెల్లగా రుద్దాను. చెక్కిన రాయి మీద కాగితం వేసి మా ఆయన ఇట్లా అచ్చు తీసుకునేవాడు. కుట్టు ఉబ్బెత్తుగా ఉంది కదా, ఒక్కో ఈక నల్లగా పైకి తేలింది. రెండు చిలకలూ వచ్చాయి. ఎడమ చిలక ముక్కు మాత్రం వంకర. మొదటి కుట్టులో దారం చిక్కుకుపోయి అట్లా పడింది.

"ముక్కు సరిజెయ్యి" అంది ఆమె.

"నేను గీస్తే ఆయన గీత ఎట్లైతాది?"

"వంకర ముక్కు మాత్రం ఆయనదా? అది మిషన్‌ది. మిషన్‌ది ఉంచి నీది వద్దంటావా?"

సూది తీసుకుని గీత వెంట ఒక్కో బొక్కా నేనే చేత్తో పొడిచాను. ముక్కు దగ్గరికి వచ్చాక, ఆయన గీసేటప్పుడు చూసిన వంపు గుర్తు తెచ్చుకుని సక్కగా తిప్పాను. అన్నీ కలిపి ముప్పై ఒకటి. అందులో ఒక చిలక ముక్కు నాది. ఎవరూ గుర్తుపట్టలేదు ఇంతవరకు.

శ్రావణం రాగానే తోడికోడలు కొత్త సాఫ్ట్‌వేర్‌కు నెల కట్టింది. వద్దనలేదు నేను. మామూలు పువ్వులు, లేసులు, పేర్లు రాసేవి దాంట్లో గీసుకుంటాం. ముహూర్తాలున్న నెలకు కడుతుంది, లేని నెలకు ఆపేస్తుంది. కట్టే ముందు గోడ మీద క్యాలెండరు తిప్పి చూసుకుంటుంది. మొన్న ఆ డీలరే ఫోను చేసి, "మేడమ్, తరువాతి మూఢం ఎప్పుడో కాస్త ముందే చెప్పండి, మీ వైపు వాళ్లంతా ఒకేసారి ఆపేస్తున్నారు" అని అడిగాడు. నువ్వింకా పంచాంగం కొనలేదా అని అడగమన్నాను పక్కనుంచి. మా ఆయన డిజైను అడిగిన వాళ్లకు మాత్రం నేను చేత్తో చేస్తాను. కాగితం గుడ్డ మీద పరిచి, తెల్లపొడి మూటతో తడితే చుక్కలు పడతాయి. గుడ్డను మగ్గం చట్రానికి బిగించుకుని ఆ చుక్కల వెంట కుట్టడమే. ఆలస్యం అవుతుందని ముందే చెబుతాను. అయినా ఆగుతారు.

దసరా వచ్చింది. తోడికోడలు పసుపు గిన్నె తెచ్చి నా చేతికి ఇస్తూనే, కాగితాల కట్టను ఎత్తి అందనంత పైన పెట్టేసింది. "వీటి జోలికి రావొద్దు. పొడి కుంకుమ చుక్క, అదీ పైన చుట్టిన గుడ్డకు, నేను పెడ్తా" అంది. సరే అన్నాను. కత్తెరలకు పెట్టాను, మిషన్లకు పెట్టాను, కంప్యూటరు దగ్గరికి వచ్చి దాని వెనక వైపుకు వంగి చూశాను. గుచ్చే చోటు ఖాళీ.

"ఈ కొత్తదానికి బొట్టు యాడ పెట్టేదిమ్మే?"

"దానికి పాస్‌వర్డు ఉంటాదక్కా. నా తలకాయలో ఉండాది. కావాలంటే నా నుదుట పెట్టు."

పెట్టాను. తరువాత సొరుగు లాగి, బాబిన్ల అడుగున పడి ఉన్న పాత తాళం తీశాను. ఆమె చూసి ఏమంటుందోనని ఒక క్షణం ఆగాను.

"పూయక్కా" అంది నవ్వుతూ. "ఇంగ దానికేం గాదులే."

పసుపులో ఇంకొన్ని నీళ్లు పోసి కలిపి, చిక్కగా, నిండుగా పట్టించాను.